లెఫ్ట్ అవుట్ గురించి అడగాలంటే చింతగింజలు పట్టుకుపోండి

మా నల్లగొండలో ఒక లెఫ్ట్ అవుట్ ఉన్నాడు, అంటే ఫుట్‌బాల్‌లో ఎడమ లైను పట్టుకుని ఆడే ఆటగాడు. డెబ్బైల చివర్లో, ఎనభైల మొదట్లో మా టౌన్ క్లబ్బుకు ఆడాడు. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు, సైకిళ్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. పేరు వేయొద్దన్నాడు, వేయను. ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు కూడా తక్కువే. ‘లెఫ్ట్ అవుట్ దుకాణం’ అంటే ఆటోవాళ్లు నేరుగా తీసుకుపోయి దింపుతారు.

నాది ఫొటో స్టూడియో, మా నాన్న పెట్టింది. క్లబ్బు గ్రూప్ ఫొటోలన్నీ నాన్నే తీసేవాడు. ఆరేడేళ్ల వయసులో నేనూ ఆయన వెంట మ్యాచులకు పోయేవాణ్ని. ఆట మాత్రం ఒక్క ముక్క గుర్తులేదు. హాఫ్ టైంలో ఆటగాళ్లకు పంచే నిమ్మబద్దలు గుర్తున్నాయి, ఎందుకంటే ఒకటి నాకూ దొరికేది.

పోయిన ఎండాకాలం ఒక పెళ్లిలో ఇద్దరు పెద్దమనుషులు ఆయన కొట్టిన ఒక గోలు గురించి మాటామాటా పెంచుకున్నారు. వాదన తేలేలోపు ఇద్దరి విస్తట్లో అన్నం ఆరిపోయింది. ఆ రోజే అనుకున్నాను, వీళ్లందరూ ఉండగానే ఇదంతా రాసిపెట్టాలని. పది నెలలు పట్టింది. 64 పేజీలు, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్. మీ ఊళ్లోనూ ఇలాంటి ఆటగాడు ఒకడు ఉండే ఉంటాడు. మీరూ చేయాలనుకుంటే, నేను ఎక్కడెక్కడ దెబ్బతిన్నానో తెలుసుకుని మొదలుపెట్టండి.

ముందుగా ఆటగాడి దగ్గరికి పోకండి

నేను అదే చేశాను. నేరుగా దుకాణానికి పోయి, ఫోన్ ముందు పెట్టి, "చెప్పు కాకా, నీ ఆట గురించి" అన్నాను. ఆయన ట్యూబును నీళ్ల బేసిన్‌లో ముంచి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూసుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు: "నాకేం యాదికుంటది? నేను బంతిని చూసిన. నన్ను చూసింది మీరు."

అంతే. ఇంకో మాట రాలేదు. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది గానీ, ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆయన నాకు దారి చెప్పి పంపినట్టే. చూసినవాళ్లను వెతకాలి. ఆ చూసినవాళ్లు ఎక్కడ నిలబడి చూశారో ముందు తేల్చుకోవాలి.

ఎందుకో చెప్తాను. గోలు ముందు మధ్యలో ఆడే సెంటర్ ఫార్వర్డ్ అందరికీ ఒకేలా కనిపిస్తాడు. లెఫ్ట్ అవుట్ లాంటి వింగర్ అలా కాదు, లైను పట్టుకుని ఆడతాడు. ఆ లైను పక్కన నిలబడ్డవాడికి ఆయన ఊపిరి కూడా వినబడుతుంది, అవతలి లైనువాడికి చీమంత కనిపిస్తాడు. మా గ్రౌండులో ఒక పక్క చింతచెట్టు లైను, ఇంకో పక్క గోడ లైను. ఒక గోలు లతీఫ్ సాబ్ గుట్ట వైపు, ఇంకోటి రోడ్డు వైపు. ఫస్ట్ హాఫ్‌లో గుట్ట వైపు దాడి చేస్తే లెఫ్ట్ అవుట్ చింతచెట్టు కింద పరుగెత్తుతాడు. హాఫ్ టైంలో సైడ్లు మారగానే ఆయన ఎడమ పక్క గోడ లైను అవుతుంది. అంటే చెట్టు కింద కూర్చున్నవాళ్లు సగం మ్యాచే చూశారు. గోడ ఎక్కినవాళ్లు మిగతా సగం. ఈ సంగతి తెలియక మొదటి రెండు నెలలు నేను చెట్టు బ్యాచ్‌నే పట్టుకుని తిరిగాను. వాళ్లంతా ఒకే చాయ్ హోటల్‌లో దొరుకుతారు మరి, సులువు.

గోడవాళ్లు చెల్లాచెదురై ఉన్నారు. టికెట్ కొనలేక గోడెక్కిన పిల్లలు వాళ్లు. ఒకాయన లారీ డ్రైవర్‌గా చేసి మానేశాడు, ఒకాయన మార్కెట్‌లో ఉల్లిగడ్డలు అమ్ముతాడు. ఒకామె కూడా ఉంది. గ్రౌండు పక్కన ఇల్లు, మిద్దె మీద బట్టలు ఆరేస్తూ అయిదారేళ్లు ప్రతి మ్యాచూ చూసిందట. ఇన్నేళ్లలో ఆమెను ఎవరూ అడగలేదు. అందరికంటే శుభ్రంగా చెప్పింది ఆమే. మీరు జాబితా రాసుకునేటప్పుడు గ్రౌండు చుట్టూ ఉన్న ఇళ్లు మర్చిపోకండి.

అడిగే పద్ధతి

"ఆయన ఎట్లా ఆడేవాడు?" అని అడిగితే "అబ్బో, ఏం చెప్పాలె బిడ్డా, అసొంటోడు మళ్ల పుట్టడు" అంటారు. దాంతో ఏం చేసుకుంటాం? నా దగ్గర అలాంటి రికార్డింగులు మూడు గంటలవి ఉన్నాయి, అన్నిట్లోనూ ఇదే వాక్యం.

నాకు పనికొచ్చిన ఉపాయం చింతగింజలు. ఒక అట్ట మీద చాక్‌పీసుతో గ్రౌండు గీయండి. గోల్స్, సెంటర్ లైను, చెట్టు, గోడ గుర్తులు పెట్టండి. పదకొండు గింజలు ఒక జట్టుకు, పదకొండు బియ్యపు రాళ్లో బొత్తాములో ఇంకో జట్టుకు. అట్ట ఆయన ఒళ్లో పెట్టి "నువ్వెక్కడ కూర్చున్నవ్ కాకా?" అని మాత్రమే అడగండి. తన చోటు వేలితో చూపించాక ఇక మిమ్మల్ని పట్టించుకోరు. ఒక రిటైర్డ్ పీఈటీ సారు అరగంట మాటే లేకుండా గింజలు జరుపుతూ కూర్చున్నారు. చివరికి ఒక గింజను కార్నర్ దగ్గర వేలితో నొక్కిపట్టి, "ఈడ ఆగేటోడు. అందరు సెంటర్ చేస్తడనుకుంటరు, గోలు ముందటికి బంతి కొడ్తడని. ఆగేటోడు. ఆపేటందుకొచ్చిన ఫుల్ బ్యాక్ ముందటికి జారిపోయినంక అప్పుడు వాణ్ని తప్పించి డాడ్జ్" అన్నారు. అది నాకు దొరికిన మొదటి అసలైన ముక్క. పరుగు గురించి అందరూ చెప్పారు, ఆగడం గురించి ఆయనొక్కరే చెప్పారు.

మాటలు వాళ్లవే ఉంచండి. వాళ్లు వింగర్ అనరు, లెఫ్ట్ అవుట్, రైట్ అవుట్ అంటారు. లెఫ్ట్ ఇన్, హాఫ్ బ్యాక్, ఫుల్ బ్యాక్. మీరు టీవీ భాషలోకి మార్చి రాస్తే చదివినప్పుడు వాళ్లే గుర్తుపట్టరు.

రికార్డింగ్ సంగతి తొందరగా చెప్పేస్తాను. ఫ్యాన్ ఆపించండి. ఎండాకాలమైనా సరే, చెట్టు కిందికి తీసుకుపోండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద ఉంచండి, లేకపోతే చాయ్ గ్లాసు పెట్టిన ప్రతిసారీ పిడుగు పడ్డట్టు వినిపిస్తుంది. మొదట తేదీ, చోటు మీరే చెప్పండి. మెమొరీ ఖాళీ ఉందో లేదో చూసుకోండి. నేను చూసుకోక ఒక చిచ్చా చెప్పిన గంటంబావు పోగొట్టుకున్నాను. మళ్లీ పోయి అడిగితే, "అదే కథ రెండుసార్లు జెప్తే అబద్ధమైతది బేటా" అని నవ్వి చాయ్ తాగించి పంపాడు.

ఏ ఏడో తేల్చుకోవడం

ఎవరికీ సంవత్సరాలు గుర్తుండవు, అంకె అడిగితే ఏదో ఒకటి చెప్పేస్తారు. ఊరంతటికీ గుర్తున్న సంగతులను పక్కన పెట్టి అడగండి. మా దిక్కు 1969 తెలంగాణ ఉద్యమం అంటే బడులు మూతపడ్డ ఏడు. స్కైల్యాబ్ అంటే 1979 జులై, ఆకాశంలోంచి కూలుతున్న ఆ అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిమీద పడి చస్తామని అప్పుడు కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారు. 1980 ఫిబ్రవరి 16 అంటే సంపూర్ణ సూర్యగ్రహణం, మధ్యాహ్నం మూడు దాటాక పట్టపగలే చీకటి పడింది, రోడ్డు మీద పురుగు లేదు. ఇందిరాగాంధీ పోయింది 1984 అక్టోబర్ 31.

పెళ్లిలో కొట్లాడుకున్న ఆ గోలు పడ్డ ఫైనల్ ఏ ఏడో ఇట్లాగే తేలింది. ఒకాయన "స్కైల్యాబ్ పోయినంక" అన్నాడు. ఇంకొకాయన "కాదు, గ్రహణానికి ముందు" అని అడ్డం తిరిగాడు. ఆడింది దసరా సెలవుల్లో అని ఇద్దరూ ఒప్పుకున్నారు. స్కైల్యాబ్ తర్వాత, గ్రహణానికి ముందు వచ్చే దసరా ఒక్కటే, 1979. ఇద్దరూ సరిగ్గానే చెప్తూ గంటసేపు పోట్లాడుకున్నారు.

గోలు గొడవ కూడా అంతే. చెట్టు లైను ఆయన: "ఇద్దర్ని డాడ్జ్ చేసి ఎడమ కాలుతోని కొట్టిండు." గోడ లైను ఆయన: "డాడ్జ్ లేదు ఏం లేదు, సెంటర్ చేస్తే గాలికి తిరిగి లోపల పడ్డది." ఇద్దరినీ ఒకే అట్ట ముందు కూర్చోబెట్టాను. గింజలు జరిపితే ఒకరిది గుట్ట వైపు గోలుకు పోయింది, ఇంకొకరిది రోడ్డు వైపు. రెండు గోల్స్! ఫస్ట్ హాఫ్‌లో ఒకటి, సెకండ్ హాఫ్‌లో ఒకటి. ఎవరి ముందు పడ్డది వాళ్లు దాచుకున్నారు, అవతలిదాన్ని గుంపులో సరిగ్గా కనబడక సెంటర్ ఫార్వర్డ్ ఖాతాలో వేశారు. నలభై ఏళ్లకు పైగా ఒకరినొకరు అబద్ధాలకోరు అనుకున్నారు పాపం.

అరువు జ్ఞాపకాలు

ఇది కొంచెం సున్నితమైన పని. హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే ఒకప్పుడు దేశమంతా గడగడ. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది, ఆ జట్టును తయారుచేసిన కోచ్ రహీం సాబ్ బడిలో పాఠాలు చెప్పిన మనిషి. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి పోయిన తులసీదాస్ బలరామ్ కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ అయ్యాడు. ఎడమ పక్క ఆడేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద మనం 2-1తో ఓడినా ఆ ఒక్క గోలు ఆయనదే. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు అక్కడి మోహన్ బగాన్ జట్టు 2-2తో డ్రా చేసింది, అందులో ఒకటి మన హైదరాబాదీ హబీబ్ కొట్టాడు.

ఇవన్నీ విని, చదివి పెరిగినవాళ్లు తెలియకుండానే ఆ గోల్స్‌ను తెచ్చి మన ఊరి ఆటగాడి కాళ్లకు కడతారు. అబద్ధం కాదది, ప్రేమ ఎక్కువై చేసేది. మొహం మీద కాదనకండి. "అప్పుడు నీ పక్కన ఎవరు కూర్చున్నరు? ఏం తింటున్నరు?" అని అడగండి. చూసినవాడికి పల్లీలు గుర్తుంటాయి, చెప్పులు పోయిన సంగతి గుర్తుంటుంది. విన్నవాడు ఆగిపోతాడు. ఒకాయన కాసేపు ఆలోచించి తనే అన్నాడు: "అరె, అది హబీబ్‌ది. పేపర్ల చదివిన." ఆ మాట కూడా పుస్తకంలో వేశాను, ఆయన ఒప్పుకున్నాకే.

ఫొటోలు

ఇక్కడ నేను పండితుణ్ని కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను, పైగా పరువు పోగొట్టుకున్నదీ ఇక్కడే.

గోడ మీద ఫ్రేముల్లో అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను పీకకండి, బొమ్మ అద్దానికే ఉండిపోతుంది. ఫ్రేముతోనే నీడలోకి తెచ్చి, ఫ్లాష్ లేకుండా, మీ నీడ పడకుండా కొంచెం పక్క నుంచి తీయండి. వెనక బాల్‌పెన్నుతో పేర్లు రాయకండి, అచ్చు ముందుకు తేలుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి. వాట్సాప్‌లో పంపేవాళ్లకు డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి, మామూలుగా పంపితే మొహాలు పిండైపోతాయి.

ఇక నెగటివులు. నాన్న రోలుకు 12 ఫొటోలు వచ్చే కెమెరా వాడేవాడు. రోలు ఖరీదు, అందుకే గ్రూప్ ఫొటోలు తప్ప ఆట తీసేవాడు కాదు. డబ్బా మొత్తం వెతికితే ఒకే ఒక్కటి దొరికింది. గ్రౌండు, కొంచెం మసగ్గా ఒక మనిషి పరుగు, ఒక కాలు ఫ్రేము బయట. ఎగిరి గంతేసినంత పనైంది. ఫోన్ తెల్ల స్క్రీన్ మీద నెగటివ్ పెట్టి, ఇంకో ఫోన్‌తో తీసి, రంగులు తిరగేసి, పెద్ద ప్రింటు వేసి చాయ్ హోటల్‌కు పట్టుకుపోయాను. చెట్టు బ్యాచ్ మొత్తం వంగి చూసింది. ఒకాయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని, "ఓ ఫొటో పిలగా, మా లెఫ్ట్ అవుట్‌ను రైట్ అవుట్ జేసినవ్ గదరా" అన్నాడు.

నెగటివ్ తిరగేసి పెట్టాను. స్టూడియో నడపబట్టి ముప్పై ఏళ్లు! మీరు ఫిల్ము అంచున ఉన్న అంకెలు చూడండి, అవి సరిగ్గా చదవగలిగితేనే సరైన వైపు. మెరిసే వైపు మీ దిక్కు ఉండాలి, మబ్బుగా ఉన్న వైపు స్క్రీన్ దిక్కు. నాకు యాభై రెండేళ్లు, అయినా వాళ్లకు ఇంకా ఫొటో పిలగాణ్నే, ఇప్పుడు ఈ కథ కూడా తోడైంది.

పుస్తకం ఇచ్చిన రోజు

అచ్చుకు ముందు ఎవరు చెప్పింది వాళ్లకు చదివి వినిపించండి. తాగుడు, అప్పులు, ఇంటి గొడవలు ఎవరైనా చెప్పి ఉంటే తీసేయండి. ఒకే సంగతి ఇద్దరు రెండు రకాలుగా చెబితే, తేల్చలేనప్పుడు, పక్కపక్కన రెండూ వేయండి.

మొదటి కాపీ దుకాణానికి పట్టుకుపోయాను. చేతులకు గ్రీజు ఉందని నన్నే పేజీలు తిప్పమన్నాడు. 1979 ఫైనల్ దగ్గర ఆపాడు. రెండు గోల్స్ కథ చదివించుకున్నాడు. "రెండోది సెంటరే చేసిన. గోలైతదనుకోలే" అన్నాడు. అంటే గోడవాళ్లు చెప్పిందే నిజం. నేను పెన్సిల్ తీసేలోపు ఇంకో మాట అడిగాడు.

"ఇందుల లెఫ్ట్ హాఫ్ ఏడి?"

తిరగేశాను. లెఫ్ట్ అవుట్ వెనకాల ఆడే ఆ హాఫ్ బ్యాక్ 64 పేజీల్లో ఎక్కడా లేడు.

"బంతి వాడిస్తేనే గద నేను ఉరికింది. నేను అడగకముందే ఇచ్చేటోడు. వాని పేరే ఎవ్వలు జెప్పలేదా?"

ఎవ్వరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ మనిషి మధ్యలో ఆడాడు, చెట్టు లైనుకూ దూరమే, గోడ లైనుకూ దూరమే. గోలు వెనక నిలబడి చూసినవాళ్లను నేను వెతకనే లేదు. ఆయన ఇప్పుడు మిర్యాలగూడలో కొడుకు దగ్గర ఉంటున్నాడట. వచ్చే ఆదివారం పొద్దున మొదటి బస్సుకు పోతున్నాం. అట్ట, గింజలు సంచిలో పెట్టుకున్నాను. ఆ రోజు సైకిళ్ల దుకాణం బందు.