వానాకాలంలో హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగం: ఇంటికి అడ్వాన్స్ ఇచ్చే ముందు

మా పిన్ని కొడుక్కి నానక్‌రాంగూడలో ఉద్యోగం వచ్చింది. జూన్ మూడో వారంలో చేరాలి. మొన్న రాజమండ్రి నుంచి ఫోన్ చేసి, "అన్నయ్యా, మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ దొరికింది. మెట్రో పక్కనే. రేపు టోకెన్ అడ్వాన్స్ పంపేస్తున్నా" అన్నాడు. పంపొద్దురా, ముందు వచ్చి హాస్టల్లో దిగు అన్నాను. వాడికి ఆ రోజు గంటసేపు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఇలా వానల ముందు ఊరు మారేవాళ్లు ఏటా ఎంతోమంది ఉంటారు కదా.

"మెట్రో పక్కనే" అన్న మాట దగ్గరే చాలామంది పొరపడతారు. మియాపూర్ ఉన్నది ఎల్బీనగర్ వెళ్లే రెడ్ లైన్ మీద. ఐటీ వైపు వెళ్లేది నాగోల్ నుంచి రాయదుర్గం దాకా ఉన్న బ్లూ లైన్. అంటే మియాపూర్‌లో ఎక్కినవాడు తూర్పుకి అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ రైలు మారి, మళ్లీ పడమటికి రావాలి. రాయదుర్గంతో బ్లూ లైన్ ఆగిపోతుంది. అక్కడి నుంచి నానక్‌రాంగూడకి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి మళ్లీ బస్సో, షేర్ ఆటోనో వెతుక్కోవాలి. ఆఫీసు మాదాపూర్‌లో అయితే మెట్రోని నమ్ముకుని ఉప్పల్‌లో ఉన్నా ఇబ్బంది లేదు, ఒకే రైలు. గచ్చిబౌలి దాటి ఆఫీసు ఉంటే మాత్రం స్టేషన్ పక్కన ఇల్లు అన్నది పెద్ద లాభమేమీ కాదు. అద్దె కొంచెం ఎక్కువైనా మణికొండ, నార్సింగి, నల్లగండ్ల వైపు ముందు చూడమంటాను. అక్కడా రోడ్లు కిక్కిరిసే ఉంటాయి గానీ దూరం తగ్గుతుంది.

అందుకే మొదటి మూడు నాలుగు వారాలు ఆఫీసుకి దగ్గర్లో హాస్టల్ తీసుకోండి. గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్‌లలో వీధికో హాస్టల్ ఉంటుంది, నెలవారీగా దిగొచ్చు. ఆ వారాల్లో ఒక పని చేయండి. మీకు నచ్చిన ఇంటికి ఆదివారం పొద్దున కాకుండా, ఆఫీసు అయ్యాక సాయంత్రం ఆరున్నరకి ఆఫీసు గేటు నుంచి బయల్దేరి వెళ్లండి. వాన పడుతున్న రోజు దొరికితే ఇంకా మంచిది. ఐకియా జంక్షన్, బయోడైవర్సిటీ జంక్షన్ వాన సాయంత్రం ఎలా ఉంటాయో కళ్లారా చూస్తేనే తెలుస్తుంది. లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద గట్టి వాన పడితే నీళ్లు నిలుస్తాయి. మీ దారిలో అలాంటి చోటు ఒక్కటి ఉన్నా, రెండో దారి ఏమిటో ముందే చూసి పెట్టుకోవాలి.

ఇక వాన నీళ్ల సంగతి. జూన్‌లో ఇల్లు చూసి, జూలై అంతా బాగానే ఉందని నిశ్చింతగా ఉంటాం. ఈ ఊళ్లో పెద్ద దెబ్బలు ఎక్కువగా తగిలింది ఆ తర్వాతే. 2016 సెప్టెంబరులో నిజాంపేట భండారీ లేఅవుట్‌లో అపార్ట్‌మెంట్ల సెల్లార్లు మునిగాయి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకి టోలిచౌకి నదీమ్ కాలనీ చెరువైపోయింది. 2025 సెప్టెంబరులో జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే నీళ్లొచ్చాయి. 1908లో ఊరిని ముంచిన మూసీ వరద కూడా సెప్టెంబరు 28నే.

నేనూ అనుభవించాను. కొత్తలో అద్దెకి దిగిన ఇంట్లో "ఇక్కడ చుక్క నీరు నిలవదు" అని ఓనర్ గట్టిగా చెప్పాడు. అక్టోబరులో ఒక రాత్రి సెల్లార్‌లో నా బండి హ్యాండిల్ దాకా మునిగింది. పొద్దున ఎదురింటి వాచ్‌మన్ వచ్చి, "ప్రతి ఏడూ ఇంతే సార్, మీరు అడగలేదు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. ఓనర్ని, బ్రోకర్ని అడిగితే చాలదు. ఎదురు కిరాణా కొట్టతన్ని, ఇస్త్రీ బండి దగ్గర అమ్మని, పక్క బిల్డింగ్ వాచ్‌మన్‌ని అడగండి. వాళ్లకి దాచాల్సిన అవసరం లేదు.

కళ్లతో పట్టుకునే గుర్తులూ ఉన్నాయి. కాంపౌండ్ గోడ మీద అడుగు ఎత్తున మట్టి చార, కొట్ల గుమ్మాల ముందు ఇటుకలతో కట్టిన అడ్డుకట్టలు, ఇంటి వాకిలి కంటే ఎత్తైన రోడ్డు. సెల్లార్‌లోకి తప్పకుండా దిగి చూడండి. కరెంటు మీటర్ బోర్డు నేలకి దగ్గరగా బిగించి ఉంటే అది ప్రమాదం, ఆ ఇల్లు వదిలేయమనే చెబుతాను. వీధి పేరులో చెరువో కుంటో ఉంటే ఇంకాస్త వాకబు చేయండి. మాసబ్ ట్యాంక్‌లో ట్యాంక్ లేదు, పేరు మాత్రం మిగిలింది. చెరువు నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ హద్దుల మ్యాపులు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) వెబ్‌సైట్‌లో చెరువు పేరుతో దొరుకుతాయి.

వానాకాలంలో ఇల్లు చూసేవాళ్లకి తట్టనిది ఎండాకాలం నీళ్లు. జలమండలి (నగరానికి నీళ్లిచ్చే ప్రభుత్వ సంస్థ) నీళ్లు వస్తాయా, బోరు ఒక్కటేనా, మార్చి నుంచి ట్యాంకర్లు పడతాయా, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసే ఉంటుందా, విడిగా పంచుతారా? ఈ నాలుగూ అడగండి.

రాత్రి షిఫ్టు ఉన్న అమ్మాయిలు ఆ వీధిలో రాత్రి పది దాటాక తోడు తీసుకుని ఒకసారి నడిచి చూడాలి. లైట్లు వెలుగుతున్నాయా, క్యాబ్ గేటు దాకా వస్తుందా, మలుపులోనే దించేస్తుందా అన్నది పగలు తెలియదు. పెళ్లికాని వాళ్లు ఆ సంగతి మొదటి ఫోన్‌లోనే చెప్పేయడం మేలు. అంతా మాట్లాడుకున్నాక "ఫ్యామిలీస్‌కే ఇస్తాం" అనిపించుకోవడం బాధగా ఉంటుంది.

డబ్బు విషయం. ఇక్కడ మామూలుగా రెండు నెలల అద్దె అడ్వాన్స్, పదకొండు నెలల అగ్రిమెంట్. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఎంత పట్టుకుంటారో అగ్రిమెంట్‌లో అంకెతో రాయించుకోండి. "నేను ఆర్మీలో ఉన్నా, ఇల్లు చూడాలంటే గేట్ పాస్‌కి ముందు కొంత పంపండి" అనేవాడు ఓనర్ కాదు. డబ్బు తిరిగి పంపుతా, యూపీఐ పిన్ కొట్టమన్నా నమ్మొద్దు, డబ్బు మనకి రావడానికి మనం పిన్ కొట్టాల్సిన పనే లేదు. పొరపాటున పంపేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మావాడు టోకెన్ పంపలేదు. గచ్చిబౌలిలో హాస్టల్ చూసిపెట్టాను, వచ్చే శనివారం దిగుతున్నాడు. నార్సింగి వైపు రెండు ఇళ్లు అనుకున్నాం, ఒకటి మూసీకి బాగా దగ్గర. ముందు దాని సెల్లార్ చూడాలి.