మీ పీహెచ్‌సీ కోసం భోర్ కమిటీ రిపోర్టు పట్టుకుని అడగడం ఎలా

పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) డాక్టర్ లేడని అడగ్గానే "అన్నీ ప్రభుత్వమే ఇవ్వాలంటే ఎలా?" అంటారు. దీనికి జవాబు 1946లోనే రాసిపెట్టి ఉంది. దేశంలో వైద్య సేవల పరిస్థితి చూడమని 1943లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన వేసిన కమిటీ, ఆ ఏడాది ఇచ్చిన రిపోర్టులో, డబ్బు కట్టలేడన్న కారణంతో ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదని తేల్చి చెప్పింది. మన కర్నూలులో పుట్టిన డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ కూడా అందులో సభ్యుడే. గ్రామసభలో ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

ముందు రిపోర్టు డౌన్‌లోడ్ చేసుకోండి, నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. నాలుగు సంపుటాలు చూసి టెన్షన్ పడొద్దు. నాలుగోది సారాంశం, దానితో మొదలుపెట్టి తర్వాత సిఫార్సులున్న రెండో సంపుటం చదవండి.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. 40,000 మందికి ఒక పీహెచ్‌సీ, ఇద్దరు డాక్టర్లు, నలుగురు పబ్లిక్ హెల్త్ నర్సులు, నలుగురు మంత్రసానులు అన్నది తాత్కాలిక ప్రణాళిక మాత్రమే. అసలు లక్ష్యం 10,000 నుంచి 20,000 మందికి 75 పడకల ఆసుపత్రి! 1952లో పీహెచ్‌సీలు మొదలయ్యాయి కానీ ఆ 75 పడకల మాట మరుగున పడింది. ఇప్పుడు మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక పీహెచ్‌సీ అన్నది ప్రమాణం, అందులో సాధారణంగా ఆరు పడకలు. ఈ రెండు లెక్కలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి, కింద మీ మండల జనాభా వేయండి, నాకైతే ఇంతకంటే బలమైన వాదన కనిపించలేదు.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, ఖాళీలు ఏ తేదీ నుంచి, ఏయే మందులు ఎన్ని రోజులు లేవు, ఇవి అడిగితే చాలు. ఫీజు మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10, జవాబుకి గడువు 30 రోజులు.

జవాబు వచ్చాక అర్జీ రాయండి, కానీ ఒక్కటే అడగండి. మేం మొదటిసారి పదకొండు డిమాండ్లు రాస్తే "పరిశీలిస్తాం" అన్న ఒక్క ముక్క వచ్చింది. రెండోసారి రాత్రి డ్యూటీకి నర్సు కావాలని మాత్రమే రాసి, ఖాళీగా ఉన్న పోస్టు వివరం జతచేశాం, అప్పుడు మమ్మల్ని పిలిచి మాట్లాడారు. అర్జీ మీద కాన్పుల కోసం రాత్రిపూట టౌనుకి పరుగెత్తిన ఇళ్లవాళ్ల సంతకాలు ముందు పెట్టించండి, నాయకుల సంతకాలు తర్వాత. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి, ఒక కాపీ డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో కూడా ఇవ్వండి.