స్లోలో లారీ దడదడలాడుతోందా? మౌంటింగ్ రబ్బర్లు కొనే ముందు ఇవి చూడండి

ఎనుమాముల మార్కెట్ ముందు పత్తి బండ్ల లైన్‌లో అరగంట నిలబడితే చాలు, ఎవరి ఇంజన్ ఎట్లుందో సైడ్ అద్దాలే చెప్తాయి. ఇంజన్ స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తున్నప్పుడు అద్దంలో వెనక బండి నంబర్ చదవగలిగితే ఫికర్ లేదు. అద్దమే గజగజలాడి నంబర్ అలికినట్టు కనిపిస్తే, ఎక్కువ మంది చేసే పని ఒకటే, ఆటోనగర్ పోయి ఇంజన్ కింద దాని బరువు మోసే మౌంటింగ్ రబ్బర్లు మార్పించుకోవడం. నేనూ అదే చేసిన. నాది పాత ఆరు సిలిండర్ల బండి. కొత్త రబ్బర్లు వేసినంక నాలుగు రోజులు మెత్తగా నడిచింది, తర్వాత మళ్లీ అదే దడ. అసలు రోగం నాలుగో సిలిండర్ నోజల్‌లో (ఇంజెక్టర్ చివర డీజిల్ చిమ్మే ముక్కులో) ఉంది, కొత్త రబ్బరు దాన్ని కొన్నాళ్లు దాచిపెట్టిందంతే.

అందుకే స్పానర్ పట్టుకునే ముందు దడ ఎట్లాంటిదో చూడండి. ఇంజన్ వేడెక్కనిచ్చి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, టైర్లకు రాళ్లు పెట్టి, స్టీరింగ్ మీద చేయి ఆనించండి. స్లో 600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అనుకుంటే క్రాంక్ సెకనుకు పది చుట్లు తిరుగుతుంది, ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి కొడుతుంది, అంటే ఆరూ కలిసి సెకనుకు ముప్పై దెబ్బలు. అవి లెక్కకు అందవు, చేతికి సన్నటి జుమ్మనే తెలుస్తుంది. అదే ఒక సిలిండర్ చచ్చిపోతే సెకనుకు ఐదుసార్లు గుంతలో పడ్డట్టు దడ్ దడ్ మని తగులుతుంది, ఇది దాదాపు లెక్కపెట్టొచ్చు. ఇట్లా తాళం వేసినట్టు కొడితే సిలిండర్ మిస్ అవుతున్నట్టు. తాళం లేకుండా బండంతా ఒకే తీరుగా జుమ్మంటే రబ్బర్లు, సైలెన్సర్, ఫ్యాన్ లాంటివి అనుమానించాలి. ఇక ఆర్‌పీఎం దానంతటదే లేస్తూ పడుతూ ఉంటే అది హంటింగ్, డీజిల్ లైన్‌లో గాలన్నా ఉండాలి, పంపులో ఆర్‌పీఎంను నిలకడగా ఉంచే గవర్నర్‌లో లోపమన్నా ఉండాలి.

ఇంకొకటి, సిగ్గుపడాల్సినంత చిన్న విషయం. డీజిల్ మిగులుతుందని కొందరు డ్రైవర్లు స్లో స్క్రూ బాగా తగ్గిస్తారు. కంపెనీ చెప్పిన దానికన్నా వంద తగ్గినా మంచి ఇంజన్ కూడా వణుకుతుంది. ముందు ఆర్‌పీఎం సరిచేసి చూడండి, చాలా బండ్ల కథ అక్కడే ముగుస్తుంది.

తర్వాత డీజిల్ లైన్. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే మార్చేయండి, దాని కింద నీళ్లు చేరి ఉంటే బయటికి కార్చేయండి. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు దాకా ఉన్న పైపు పీల్చే వైపు కాబట్టి, అక్కడ లీకుంటే ఇంజన్ నడుస్తున్నంతసేపూ డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. బయట తడి లేదు కదా అని వదిలేస్తే మోసపోతారు. ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ కొంచెం విప్పి హ్యాండ్ ప్రైమర్ కొట్టండి, బుడగలు పోయి నిఖార్సైన డీజిల్ వచ్చేదాకా కొట్టి బిగించండి. రెండు రోజులకే మళ్లీ బుడగలు వస్తే యూనియన్ల దగ్గరి వాషర్లు, చీలిన రబ్బరు పైపు వెతకాలి. ఒక మూరెడు పారదర్శక పైపును ఫీడ్ పంపు ముందర తాత్కాలికంగా వేస్తే గాలి కళ్లకే కనిపిస్తుంది, ఇంతకన్నా చవకైన పరికరం లేదు.

ఇప్పుడు ఏ సిలిండర్ మిస్ అవుతుందో పట్టే అసలు పరీక్ష. ఇది పాత ఇన్‌లైన్ పంపు (ఒక్కో సిలిండర్‌కు ఒక్కో పైపుతో డీజిల్ కొట్టేది) ఉన్న బండ్లకే. కామన్ రైల్ బండి (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ప్రెషర్ గొట్టం ఉండేది) అయితే పైపు ముట్టుకోకండి, అందులో ప్రెషర్ వెయ్యి బార్ కూడా దాటుతుంది, దానికి స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికి పోవాల్సిందే. పాత పంపులోనూ సన్నటి ధార చర్మంలోకి దూరితే బయటికి చీమ కుట్టినట్టే ఉంటుంది, లోపల చేయి పాడవుతుంది. అట్లా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. లీకు వెతకడానికి వేలు పెట్టొద్దు, అట్ట ముక్క పెట్టండి. కళ్లద్దాలు వేసుకోండి.

ఇంజన్ స్లోలో ఉండగా ఒకటో సిలిండర్ ఇంజెక్టర్ దగ్గరి పైపు నట్టు మీద గుడ్డ కప్పి సగం చుట్టు వదులు చేయండి. డీజిల్ కారి ఆ సిలిండర్ ఆగుతుంది. అది బాగా పనిచేస్తున్నదైతే ఇంజన్ గొంతు మారుతుంది, ఆర్‌పీఎం పడుతుంది, దడ పెరుగుతుంది. బిగించి రెండోదానికి పోండి. ఏ సిలిండర్ నట్టు విప్పినప్పుడు ఏ తేడా రాదో ఆ సిలిండరే దొంగ. కారిన డీజిల్ వేడి మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగ బయటికి పోయే గొట్టం) మీద పడకుండా చూసుకోండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా తేలిక. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకు ఒక్కో పోర్టు దగ్గర మానిఫోల్డ్ వేడి చూస్తే, చచ్చిన సిలిండర్ మిగతావాటికన్నా బాగా చల్లగా ఉంటుంది.

దొంగ దొరకగానే కొత్త నోజల్ కొనకండి. ఆ ఇంజెక్టర్ తీసి, బాగున్న సిలిండర్‌ దానితో మార్చి పెట్టండి. కింద కాపర్ వాషర్ కొత్తది వేయాలి, పాతది గుంతలోనే అతుక్కొని ఉంటుంది, చూడకుండా దాని మీదే ఇంకొకటి వేసినవాళ్లను చూశాను. రోగం ఇంజెక్టర్‌తో పాటు జాగా మారితే దాన్ని పంపు షాపులో ప్రెషర్ చూపించి నోజల్ వేయించండి. రోగం పాత సిలిండర్‌లోనే ఉండిపోతే ట్యాపెట్ సందు (వాల్వ్‌కూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) ఫీలర్ గేజ్‌తో చూడండి, బిగుసుకుపోయిన ట్యాపెట్ వాల్వ్‌ను పూర్తిగా మూయనివ్వదు, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) పోతుంది. సందు ఎంతుండాలో, చల్లగా చూడాలో వేడిగా చూడాలో మీ ఇంజన్ పుస్తకంలో ఉన్నదే పాటించండి, పక్క బండి లెక్క పనికిరాదు. ఆయిల్ పోసే మూత తీస్తే దడ తాళానికే ఫుఫ్ ఫుఫ్ మని పొగ వస్తే పిస్టన్ రింగులను అనుమానించాలి. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి బలహీనంగా ఉంటే వాటి నడుమ హెడ్ గ్యాస్కెట్. కంప్రెషన్ బాగుండి, నోజల్ బాగుండి, ఇంకా మిస్ అవుతుంటే పంపులో ఆ సిలిండర్‌కు డీజిల్ వదిలే డెలివరీ వాల్వ్ లేదా డీజిల్ నొక్కే ఎలిమెంట్, అది పంపు మిషన్ మీదే తేలుతుంది, ఇంటి దగ్గర విప్పే పని కాదు.

ఎప్పుడు వణుకుతుందో కూడా మెకానిక్‌కు చెప్పండి. చలికాలం పొద్దున ఘాటు వాసన తెల్ల పొగతో వణికి, వేడెక్కాక సర్దుకుంటే కంప్రెషన్ తగ్గిందో, నోజల్ కారుతోందో, డీజిల్ కొట్టే టైమింగ్ వెనకబడిందో అయి ఉంటుంది. వేడెక్కాకనే మొదలైతే అరిగిన పంపు ఎలిమెంట్లను అనుమానించండి, వేడికి డీజిల్ పలచబడి లోపలే జారిపోతుంది.

ఏ సిలిండర్ ఆపినా ఆర్‌పీఎం ఒకే తీరుగా పడుతుంటే, ఇప్పుడు రబ్బర్ల వంతు. ఆయిల్ తాగి ఉబ్బినవి, ఒకవైపు కుంగినవి, పగిలినవి టార్చి వేస్తే తెలుస్తాయి. గేర్‌బాక్స్ వెనక రబ్బరు మర్చిపోవద్దు, అందరూ మర్చిపోయేది అదే. సైలెన్సర్ పైపు చాసిస్‌కు ఎక్కడైనా తాకుతోందా చూడండి, తాకిన చోట మెరుస్తూ ఉంటుంది. బ్రేకుల ట్యాంకులో గాలి నిండి వాల్వ్ ఫుస్ మన్నప్పుడు దడ తగ్గితే ఎయిర్ కంప్రెసర్ వైపు, క్లచ్ తొక్కగానే మారితే క్లచ్, గేర్‌బాక్స్ వైపు వెతకండి. ఫ్యాన్ బెల్టు మీద నడిచే బండి అయితే ఇంజన్ ఆపి బెల్టు తీసి ఒక్క నిమిషం మాత్రం నడపండి, దడ పోతే ఫ్యాన్ రెక్క విరిగిందో ఆల్టర్నేటర్ బేరింగ్ పోయిందో చూడాలి.

చివరికి రబ్బర్లే అని తేలితే జత జతగా మార్చండి, ఒకటి కొత్తది ఒకటి పాతది పెడితే ఇంజన్ వంకరగా కూర్చుంటుంది. బోల్టులను ముందు వదులుగా ఎక్కించి, ఇంజన్ బరువు పూర్తిగా రబ్బర్ల మీద దించినంకనే బిగించాలి. ములుగు దాకా ఒక ట్రిప్పు లోడుతో పోయి వచ్చాక మళ్లీ ఒకసారి స్పానర్ పెట్టి చూడండి, ఎంతో కొంత తిరుగుతాయి.