బడి గోడ నుంచి 100 గజాలు: పొగాకు అమ్మకం ఆపించేదెలా

గుంటూరులో పొగాకు మీద ఏదైనా మాట్లాడాలంటే చాలామంది ఒక క్షణం ఆగుతారు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరిది. చుట్టుపక్కల ఆ పంట మీద బతికే ఇళ్లూ ఉన్నాయి. కానీ ఇక్కడ గొడవ పంటతో కాదు. బడి పక్క బడ్డీ కొట్లో పదో తరగతి పిల్లాడికి సిగరెట్టు అందకూడదు, అంతే. సిగరెట్లు, ఇతర పొగాకు సరుకుల మీద 2003లో వచ్చిన కోట్పా చట్టంలో 6వ సెక్షను దానికే ఉంది: 18 ఏళ్లు నిండనివాళ్లకు ఎక్కడా అమ్మకూడదు, విద్యాసంస్థకు 100 గజాల లోపల ఎవరికీ అమ్మకూడదు. ఇంటర్ కాలేజీలూ ఇందులోకే వస్తాయి.

పని కొలతతో మొదలవుతుంది, ఎక్కువగా చెడేదీ అక్కడే. చాలామంది గేటు దగ్గర నిలబడి రోడ్డు వెంట అడుగులు లెక్కేస్తారు. అది తప్పు. ప్రహరీ గోడ బయటి అంచు నుంచి అన్ని దిక్కులా తిన్నగా కొలవాలి. 100 గజాలంటే 91.44 మీటర్లు. గుంటూరు బ్రాడీపేటలో లైన్లూ అడ్డరోడ్లూ గళ్లలాగా ఉంటాయి కదా, అక్కడ ఈ తేడా బాగా తెలుస్తుంది. గోడ మూల నుంచి లైను వెంట 60 మీటర్లు నడిచి, అడ్డరోడ్డులోకి తిరిగి ఇంకో 60 మీటర్లు వెళ్తే కొట్టు వచ్చిందనుకోండి. నడక 120 మీటర్లు. తిన్నగా చూస్తే 85 మీటర్లే. ఆ కొట్టు పరిధిలో ఉన్నట్టే. ముందు ఫోన్లో మ్యాపు మీద దూరం చూసుకుని, అంచు మీద ఉన్న కొట్లకు మాత్రం 30 మీటర్ల టేపు పట్టండి. వెనక గోడ వైపు మరిచిపోవద్దు. పిల్లలు గోడ దూకి వెళ్లేది అటే.

కొలిచాక పరిధిలోకి వచ్చే ప్రతి రోడ్డు మీదా, 100 గజాలు ముగిసేచోట అడ్డంగా పసుపు గీత వేయించండి. నగరపాలక సంస్థకు ముందుగా ఒక ఉత్తరం ఇవ్వాలి. ఇంట్లో తలుపులకు వేసే ఎనామిల్ రంగు వద్దు, రోడ్డు గీతల రంగే కొనండి. 6 మీటర్ల రోడ్డుకు 10 సెంటీమీటర్ల వెడల్పు గీత రెండు పూతలు వేసినా, లీటరు డబ్బా నాలుగైదు గీతలకు వస్తుంది. దుమ్ము బాగా ఊడ్చి, తడి లేనప్పుడే వేయాలి. దుమ్ము మీద వేసిన గీత మొదటి వానకే పెచ్చులుగా లేస్తుంది.

బోర్డులు రెండు రకాలు. 100 గజాల లోపు అమ్మకం నేరమనీ, 200 రూపాయల దాకా జరిమానా ఉందనీ చెప్పే బోర్డు గేటు బయట, రోడ్డు మీద వెళ్లేవాళ్లకు కనబడాలి. లోపల పెట్టే ‘పొగ తాగరాదు’ బోర్డు 60 × 30 సెంటీమీటర్లకు తగ్గకూడదు. దాని మీద ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో పేరు, ఫోను నంబరు ఉండాలి. హెడ్మాస్టరు బదిలీ అయిపోయినా పాత పేరే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అందుకే పేరు రాసే పట్టీ విడిగా మార్చుకునేలా చేయించండి.

ఇక కొట్టు యజమాని. పోలీసులకంటే ముందు మీరే వెళ్లండి, బేరం లేని వేళ చూసుకుని. ‘కొట్టు ఎత్తెయ్యమనడం లేదు బాబాయ్, ఈ సరుకొక్కటీ పెట్టొద్దంటున్నాం’ అంటే వినేవాళ్లే ఎక్కువ. కొట్టు ముందు వేలాడే గుట్కా దండలు తీసేసి, ఆ కొక్కేలకే పెన్నులూ చిక్కీలూ తగిలించుకోవచ్చని చూపించండి. 200 జరిమానా ఆయనకు ఒక పూట బేరం కూడా కాకపోవచ్చు. మైనరుకు పొగాకు ఇస్తే పిల్లల రక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షను కింద 7 ఏళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయన్న సంగతి మాత్రం స్పష్టంగా చెప్పాలి. బెదిరింపుగా కాదు, తెలియక ఇరుక్కోకూడదని.

అయినా మానకపోతే స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఎస్సై, ఆ పై హోదా పోలీసులకు సోదా చేసే అధికారం చట్టమే ఇచ్చింది. ఫిర్యాదుకు చేతిగీత మ్యాపు, కొలిచిన దూరం, తేదీ, వేళ, సరుకు కనబడే ఫోటో జత చేయండి. ఫోటోలో పిల్లల ముఖాలు పడకూడదు. రుజువు కోసం పిల్లాణ్ణి కొనడానికి పంపడం అసలే వద్దు. రసీదు తీసుకోకుండా తిరిగి రావద్దు.

ఇప్పటికే అలవాటుపడ్డ పిల్లాడు దొరికితే అసెంబ్లీలో నిలబెట్టడం, టీసీ చేతిలో పెట్టడం చేయకండి. మిగతావాళ్లు మరింత దాక్కుంటారు. 1800-11-2356 జాతీయ క్విట్‌లైన్, అంటే పొగాకు మానడానికి సాయం చేసే ఫోను లైను, ఉచితం. పక్కన ఒక టీచరు కూర్చుని ఫోను చేయించాలి.

తనిఖీ రోజున కొట్లన్నీ శుభ్రంగానే ఉంటాయి. సరుకు గల్లాపెట్టె కిందికి పోతుంది. కాబట్టి కొట్టును కాదు, నేలను చూడండి. వారానికోసారి, బడి వదిలిన అరగంటకు, వెనక గోడ పక్కన సిగరెట్టు పీకలూ గుట్కా కవర్లూ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రిజిస్టరులో రాసి, అక్కడే ఊడ్పించేయండి. ఊడ్చకపోతే వచ్చే వారం లెక్కలో పాతవీ కొత్తవీ కలిసిపోతాయి.