చిన్న మిక్సర్‌తో ఇన్-ఇయర్ మానిటర్లు: చెవిలో ఏ తేడాకి ఏం చేయాలి

గచ్చిబౌలి కేఫేలో స్టేజీ అంటే ఒక మూల. అక్కడ కీబోర్డు, ఆక్టాప్యాడ్, గిటారు, ఇద్దరు సింగర్లు సర్దుకునేసరికి నేల మీద వెడ్జ్ మానిటర్ (పాడేవాళ్లకి వాళ్ల సౌండ్ వినిపించే వాలు స్పీకర్) పెట్టడానికి జాగా ఉండదు. సికింద్రాబాద్ చర్చిల్లో, ఫంక్షన్ హాళ్ల సంగీత్ ప్రోగ్రాముల్లో జాగా ఉన్నా గోడల నుంచి తిరిగొచ్చే శబ్దంతో వెడ్జ్ ఎంత పెంచినా విజిల్ కొడుతుంది. అందుకే ఇప్పుడు చిన్న బ్యాండ్లు కూడా ఇన్-ఇయర్లకి, అంటే ఆ సౌండ్‌ని నేరుగా చెవిలో వినిపించే ఇయర్‌ఫోన్లకి మారుతున్నాయి. మారిన మొదటి రోజే చాలామంది నిరుత్సాహపడి, తప్పు ఇయర్‌ఫోన్‌దే అనుకుని ఇంకా ఖరీదైనది కొంటారు. నా మాట వినండి, ఇయర్‌ఫోన్ మార్చడం చివరి పని. సమస్య ఎక్కువగా దానికి ముందే ఎక్కడో ఉంటుంది.

ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక పరీక్ష చేయండి. మీకు బాగా అలవాటైన హెడ్‌ఫోన్స్‌ని మిక్సర్ ఫోన్స్ అవుట్‌లో పెట్టి, తేడా ఉందన్న ఆర్టిస్టు ఆక్స్‌ని (మిక్సర్ నుంచి వాళ్ల చెవికి వెళ్లే విడి మిక్స్) సోలో చేసి, అంటే అదొక్కటే వినపడేలా పెట్టి వినండి. అక్కడ బాగుంటే తప్పు మిక్సర్ బయట, అంటే వైరులోనో, యాంప్‌లోనో, చెవిలోనో ఉంది. అక్కడే బాగాలేకపోతే వైర్లు పీకడం మానేసి మిక్సర్‌లో వెతకండి. ఆక్స్‌కి సోలో లేని మిక్సర్ అయితే, బాగా పనిచేస్తున్న పక్కవాళ్ల ప్యాక్ (నడుముకి తగిలించుకునే హెడ్‌ఫోన్ యాంప్) తెచ్చి ఇదే వైరుకి తగిలించి చూడండి.

"ఒక చెవిలోనే వస్తోంది" లేదా "వాయిస్ డొల్లగా ఉంది"

ముందుగా ఇయర్‌ఫోన్ కుడి, ఎడమ మార్చి పెట్టుకోండి. తగ్గిన వైపు కూడా మారితే తప్పు ఇయర్‌ఫోన్‌ది. చెమట, గులిమి చేరి నాజిల్ జాలీ మూసుకుపోవడం మన ఎండల్లో మామూలే. ఇయర్‌ఫోన్ టిప్ (చెవిలో దూరే రబ్బరు) తీసి, జాలీ కిందికి ఉండేలా పట్టుకుని పొడి బ్రష్‌తో దులపండి. సూది పెట్టి పొడవకండి.

మార్చినా అదే చెవిలో తక్కువగా వస్తుంటే మిక్సర్‌కీ హెడ్‌ఫోన్ యాంప్‌కీ మధ్య ఉన్న వైరు చూడండి. అందరూ తడబడేది ఇక్కడే. పావు అంగుళం జాక్ చేతిలోకి తీసుకుని దాని మెడ మీది నల్ల గీతలు లెక్కపెట్టండి. ఒక గీత ఉంటే టీఎస్ (టిప్, స్లీవ్), రెండుంటే టీఆర్‌ఎస్ (టిప్, రింగ్, స్లీవ్). ఇక్కడ టిప్ అంటే జాక్ కొన, రింగ్ అంటే రెండు గీతల మధ్య భాగం. చాలా మిక్సర్ల ఆక్స్ అవుట్ బ్యాలెన్స్‌డ్ మోనో. టిప్ మీద సిగ్నల్ వస్తుంది. రింగ్ మీద అదే సిగ్నల్ తలకిందులుగా వస్తుంది, లేదా కొన్ని మిక్సర్లలో ఏమీ రాదు. కానీ చవక హెడ్‌ఫోన్ యాంపుల ఇన్‌పుట్ స్టీరియో. అది టిప్‌ని ఎడమ చెవికి, రింగ్‌ని కుడి చెవికి పంపుతుంది. మామూలు టీఆర్‌ఎస్ వైరుతో ఈ రెండూ కలిపితే రెండు చెవుల్లో ఒకదానికొకటి ఎదురు సిగ్నల్ పడుతుంది. బేస్ పలచబడుతుంది, వాయిస్ తల మధ్యలో నిలవకుండా పక్కలకి పాకుతుంది. రింగ్ ఖాళీగా ఉండే మిక్సర్ అయితే ఎడమ చెవిలోనే వస్తుంది. పోనీ అని టీఎస్ వైరు పెడితే రింగ్ గ్రౌండ్‌కి కలిసిపోయి మళ్లీ ఒక చెవే.

పరిష్కారం సులువే. ప్యాక్ మీద మోనో-స్టీరియో స్విచ్ ఉంటే మోనోలో పెట్టండి. లేకపోతే ఒక వైరు కట్టించుకోండి: మిక్సర్ వైపు టీఎస్ జాక్, యాంప్ వైపు టీఆర్‌ఎస్ జాక్, అందులో టిప్‌నీ రింగ్‌నీ కలిపి ఒకే సిగ్నల్ తీగకి సోల్డర్ చేయాలి. సామానంతా కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఆక్స్ అవుట్‌ని టీఎస్‌తో వాడొచ్చో లేదో మిక్సర్ మాన్యువల్లో ఒకసారి చూసుకోండి. ఆ వైరుకి రంగు టేపు చుట్టి పెట్టండి, లేకపోతే హడావిడిలో గిటారు వైర్లలో కలిసిపోతుంది. నిజమైన స్టీరియో కావాలంటే రెండు ఆక్స్‌లు జతచేసి, రెండు టీఎస్‌లు ఒక టీఆర్‌ఎస్‌గా కలిసే వై కేబుల్ వాడాలి. బెరింజర్ ఎక్స్‌ఆర్18 డిజిటల్ మిక్సర్‌లో ఆక్స్‌లు 6. అంటే ఆరుగురికి మోనో, లేదా ముగ్గురికి స్టీరియో. ఐదుగురి బ్యాండ్‌లో నేనైతే అందరికీ మోనోనే ఇస్తాను. ఎవరి మిక్స్ వాళ్లకి ఉండటం స్టీరియో కన్నా ముఖ్యం.

"పాట మధ్యలో నా వాయిస్ దానంతట అదే మారుతోంది"

సౌండ్ ఆపరేటర్ జనం కోసం మీ ఛానెల్ ఫేడర్ (పైకీ కిందికీ జరిపే వాల్యూం మీట) కదిపితే మీ చెవిలో కూడా మారుతోందంటే ఆక్స్ పోస్ట్ ఫేడర్‌లో, అంటే ఫేడర్ తర్వాత నుంచి సిగ్నల్ తీసుకునేలా ఉంది. ఫేడర్‌కి ముందు నుంచి తీసుకునే ప్రీ ఫేడర్‌కి మార్చాలి. అనలాగ్ మిక్సర్‌లో దీనికి చిన్న బటన్ ఉంటుంది. ఎఫ్‌ఎక్స్ (ఎఫెక్ట్స్) సెండ్ అని మాత్రమే రాసి ఉన్న నాబ్ మామూలుగా పోస్ట్ ఫేడరే, మానిటర్‌కి పనికిరాదు. కొనేముందే ప్రీ ఆక్స్‌లు ఎన్నో లెక్కపెట్టుకోండి, ఛానెళ్ల సంఖ్య చూసి మోసపోకండి.

ప్రీలో పెట్టినా మారుతుంటే ఎవరో గెయిన్ (మిక్సర్‌లోకి వచ్చే సిగ్నల్‌ని మొదట పెంచే నాబ్) తిప్పుతున్నారు. గెయిన్ అన్నిటికన్నా ముందుంటుంది కాబట్టి దాన్ని ముడితే మెయిన్‌తో పాటు అందరి చెవులూ మారతాయి. సౌండ్‌చెక్ అయ్యాక గెయిన్ ముట్టకూడదు, అంతే.

"అన్నా, నేను నాకు వినపడట్లే, జర పెంచు"

ఆ ఒక్కటీ పెంచుకుంటూ పోతే పది నిమిషాల్లో అందరివీ పెరిగి, మళ్లీ మొదటికే వస్తారు. పెంచే ముందు మిగతావి తగ్గించండి. మిక్స్‌ని ఖాళీ నుంచి కట్టాలి. ముందు వాళ్ల గొంతు, తర్వాత శ్రుతికి ఆధారమయ్యే కీబోర్డు లేదా తంబూర, తర్వాత లయకి కిక్ డ్రమ్ లేదా క్లిక్ (తాళం కోసం వేసే టిక్‌టిక్), అక్కడ ఆపి పాడించండి. చాలామందికి అది చాలు. వాయిస్ ఛానెల్‌కి 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (కింది శబ్దాలు తీసేసే ఫిల్టర్) వేస్తే మైకులో పడే గాలి, స్టేజీ దడదడ పోయి మాట తేటపడుతుంది. సింగర్ చెవిలోకి కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని తగ్గించి సమం చేసేది) వేసిన వాయిస్ పంపకండి. ఎంత గట్టిగా పాడినా అంతే వినపడుతుంటే గొంతు చించుకుంటారు. డిజిటల్ మిక్సర్‌లో సెండ్ ఎక్కడి నుంచి తీయాలో ఎంచుకోవచ్చు కాబట్టి కంప్రెసర్‌కి ముందు నుంచి తీయండి.

"బేస్ అస్సలు లేదు"

ఈక్వలైజర్ ముట్టకండి. ఇయర్‌ఫోన్ టిప్ చెవిని పూర్తిగా మూయలేదు, అంతే. ఒక సైజు పెద్దది, లేదా ఫోమ్ టిప్ పెట్టి చూడండి. ఫోమ్‌ని వేళ్లతో నలిపి లోపల పెట్టి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. పెద్దగా నోరు తెరిచి పాడినప్పుడు ఊడొస్తోందా అనేది కూడా సౌండ్‌చెక్‌లోనే చూసుకోవాలి.

"నా గొంతు నాకే వింతగా ఉంది"

చెవి మూసుకున్నాక మన గొంతు ఎముకల ద్వారా కూడా వినపడుతుంది. అది మైకు నుంచి వచ్చే గొంతుతో కలిసినప్పుడు రెండూ ఎదురెదురైతే డొల్లగా అనిపిస్తుంది. సింగర్‌ని కింది స్థాయిలో 'మ్' అని పలకమని, ఛానెల్ పొలారిటీ బటన్ (సిగ్నల్‌ని తలకిందులు చేసేది) నొక్కుతూ వదులుతూ వినమనండి. ఏది నిండుగా ఉంటే అదే ఉంచండి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మాత్రం వద్దు. వాటి ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటడం మామూలు, దాంతో తాళం నిలవదు.

చెవిలో సుయ్ శబ్దం, హమ్మింగ్

సుయ్ మంటుంటే మిక్సర్ సెండ్ తక్కువగా, ప్యాక్ వాల్యూం ఎక్కువగా ఉన్నాయని అర్థం. ఆక్స్ మాస్టర్‌ని సున్నా గుర్తు దగ్గరికి తెచ్చి ప్యాక్‌ని సగానికి దించండి. 50 హెర్ట్జ్ హమ్మింగ్ కీబోర్డు లేదా ల్యాప్‌టాప్ ఛానెల్ తెరిచినప్పుడే వస్తే మధ్యలో డీఐ బాక్స్ (వాయిద్యం సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టి దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. అన్నిటికీ కరెంటు ఒకే బోర్డు నుంచి తీసుకోండి. ఎర్త్ పిన్ను విరగ్గొట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. చెవిలో వైరు, చేతిలో మైకు ఉన్న మనిషికి అది ప్రాణాపాయం.

వైర్‌లెస్ తెగిపోతోంది

చవక వైర్‌లెస్ సెట్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌వి. కేఫే వైఫై, జనం ఫోన్లు, ఎక్స్‌ఆర్18 లోపలి వైఫై అన్నీ అక్కడే ఉంటాయి. మిక్సర్‌కి బయటి రూటర్ తగిలించి 5 గిగాహెర్ట్జ్ మీద నడపండి. ట్రాన్స్‌మిటర్‌ని రాక్ వెనక దాచకుండా ఆర్టిస్టుకి కనపడేలా ఎత్తులో పెట్టండి. కీబోర్డు, ప్యాడ్స్ వాయించేవాళ్లు కదలరు కాబట్టి వాళ్లకి వైరే మంచిది.

ఉన్నట్టుండి చెవిలో దబ్‌మని పేలడం

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కరెంటు పోయి జనరేటర్‌కి మారినప్పుడు మిక్సర్ ఆగి మళ్లీ లేస్తుంది, ఆ దెబ్బ నేరుగా కర్ణభేరి మీద పడుతుంది. మిక్సర్‌కి చిన్న యూపీఎస్ పెట్టండి. ఆన్ చేసేటప్పుడు ప్యాక్ చివర, ఆపేటప్పుడు ప్యాక్ ముందు. ప్రతి ఆక్స్ మీద లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది) తప్పనిసరి. కింద పడ్డ మైకు, ఫాంటమ్ (మిక్సర్ నుంచి కేబుల్లోనే మైకుకి వెళ్లే కరెంటు) ఆన్‌లో ఉండగా పీకిన కేబుల్ కూడా ఇలాగే కొడతాయి.

మామూలు వాల్యూం సంగతి కూడా చూసుకోవాలి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ ఎన్‌ఐఓఎస్‌హెచ్ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల దగ్గర 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెళ్లకీ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెళ్ల దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే. అంటే మూడు నాలుగు పాటలు.

"జనం వినపడట్లేదు, గదిలో ఒంటరిగా పాడుతున్నట్టుంది"

ఇలా అనిపించి చాలామంది ఒక చెవిలోది తీసేస్తారు. తీశాక ఆ చెవిలో స్టేజీ హోరు పడుతుంది, దాన్ని గెలవడానికి రెండో చెవిలో వాల్యూం పెంచుతారు. తీయించకండి. స్టేజీ అంచున ఒక కండెన్సర్ మైకు జనం వైపు తిప్పి పెట్టి, దాన్ని ఆక్స్‌లకి మాత్రమే పంపండి. మెయిన్‌కి అసలు అసైన్ చేయకూడదు, చేస్తే ఫీడ్‌బ్యాక్ వస్తుంది. పాట నడుస్తున్నప్పుడు కొంచెమే ఉంచి, పాట అయ్యాక పెంచితే చప్పట్లు, "వన్స్ మోర్" అరుపులు సింగర్‌కి అందుతాయి. పెంచి తగ్గించే మనిషి లేకపోతే మాట్లాడేటప్పుడు అవతలి మాట అర్థమయ్యే స్థాయిలో పెట్టి వదిలేయండి.