పెళ్ళిళ్ళ ముందు ఇంట్లో రోమాలు తీసుకునేవాళ్ళకు జాగ్రత్తలు: ఒకే చోట రెండోసారి వద్దు

పోయిన వారం మా పార్లర్‌కి ఒక అమ్మాయి చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని వచ్చింది. రెండు రోజుల్లో అక్క పెళ్ళి. ఇంట్లో పై పెదవి మీద హెయిర్ రిమూవల్ క్రీమ్ రాసుకుంది. కొన్ని వెంట్రుకలు మిగిలాయని, కడిగిన వెంటనే మళ్ళీ రాసింది. పెదవి పైన తోలు లేచిపోయి చెమ్మ కారుతోంది. దాని మీద నేను ఏమీ పూయలేదు, నేరుగా చర్మం డాక్టర్ దగ్గరికి పంపించాను.

నేను కావలిలో పార్లర్ నడుపుతున్నాను. వేసవి ముహూర్తాలు మొదలైతే ఇలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు. కొత్త బ్లేడు వాడండి, ఎక్స్‌పైరీ చూడండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చూసిన కాలిన గాయాలు, మచ్చలు ఎక్కువగా ఒక్క తప్పు వల్లే వచ్చాయి. వెంట్రుకలు పూర్తిగా ఊడి రాలేదని అదే చోట, అదే రోజు రెండోసారి చేయడం.

క్రీముల్లో పనిచేసేది థయోగ్లైకోలేట్ అనే రసాయనం. వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. ఆ కెరటిన్ బంధాలను తెంచి క్రీమ్ వెంట్రుకను మెత్తబరుస్తుంది. మన చర్మం పై పొరలో ఉండేదీ కెరటినే. వెంట్రుక ముందు కరుగుతుంది, చర్మం కొంచెం ఆలస్యంగా దెబ్బతింటుంది. ఆ కాస్త తేడా చూసుకునే ప్యాకెట్ మీద నిమిషాలు వేస్తారు. మొదటి పూతకే పై పొర బలహీనపడి ఉంటుంది కాబట్టి రెండో పూత నేరుగా పచ్చి చర్మాన్ని కాలుస్తుంది. మళ్ళీ వాడాలంటే 72 గంటలు ఆగమని ప్యాకెట్ల మీద రాసేది అందుకే. చిన్న అక్షరాల్లో ఉంటుందని ఆ లైను వదిలేయకండి.

వ్యాక్స్‌దీ ఇదే కథ. పట్టీ లాగినప్పుడు వెంట్రుకతో పాటు పైనున్న చచ్చిన చర్మం కొంత ఊడి వస్తుంది. అదే చోట మళ్ళీ మళ్ళీ లాగితే బతికున్న తోలే లేస్తుంది. చంకల్లో, పై పెదవి మీద ఇది తొందరగా జరుగుతుంది, అక్కడ చర్మం పలచన. పద్ధతి మార్చినా అది రెండోసారే. క్రీమ్ సరిగా పనిచేయలేదని రేజర్ గీయడం, వ్యాక్స్ అయ్యాక బ్లీచ్ పెట్టడం, స్క్రబ్ రుద్దడం అన్నీ ఇందులోకే వస్తాయి. నాలుగు వెంట్రుకలు మిగిలితే మిగలనివ్వండి. చూసేవాళ్ళకు అవి కనపడవు, కాలిన మచ్చ మాత్రం ఫోటోల్లో కూడా కనపడుతుంది.

పెళ్ళికూతుళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. నలుగు పెట్టే రోజు అత్తలు, పిన్నులు ప్రేమకొద్దీ సున్నిపిండి గట్టిగా రుద్దుతారు. ముందు రోజే వ్యాక్స్ చేయించుకుని ఉంటే పసుపూ పిండీ కలిసి ఒళ్ళంతా మంట పుడుతుంది. నలుగుకు నాలుగైదు రోజుల ముందే వ్యాక్స్ ముగించండి. ఇంకా ఎర్రగా ఉంటే, రుద్దకుండా ఊరికే అద్దమని పెద్దవాళ్ళకు ముందే చెప్పండి. పెళ్ళికి ముందు వారంలో ఇంతకు ముందు వాడని పద్ధతి ఏదీ మొదలుపెట్టొద్దు.

ఇక ఎవరికి ఏది పనికొస్తుంది?

చేతులకు, కాళ్ళకు ఇంట్లో చేసుకోవాలంటే నా ఓటు రేజర్‌కే. గీస్తే వెంట్రుకలు లావుగా వస్తాయన్నది నిజం కాదు. కొన మొద్దుగా తెగుతుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. మన దగ్గర అసలు ఇబ్బంది నీళ్ళతో. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్ళు కఠినం. సముద్రం ఒడ్డు ఊళ్ళలో చాలా చోట్ల ఉప్పు నీళ్ళు. ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు. నురగ లేకపోతే బ్లేడు జారదు. జారకపోతే గట్టిగా నొక్కుతారు, అదే చోట మళ్ళీ గీస్తారు. అక్కడికి మళ్ళీ రెండోసారి తప్పుకే వచ్చాం. ఆ పని మటుకు ఒక చెంబు క్యాన్ నీళ్ళతో చేసుకోండి. స్నానం చివర్లో, వెంట్రుకలు నానాక, అవి మొలిచిన దిక్కుగానే గీయండి.

పై పెదవికి, కనుబొమ్మలకు చెయ్యి తిరిగినవాళ్ళు చేసే థ్రెడింగ్ మంచిది, రసాయనం ఉండదు. ముఖానికి క్రీమే కావాలనుకుంటే ముఖానికని రాసి ఉన్నదే కొనండి. ముందు ఆ చోటే చిన్న చుక్కంత రాసి, చెప్పిన నిమిషాలకు కడిగి, 24 గంటలు చూడండి. పోయిన ఏడాది ఏమీ కాలేదు కదా అని ఈ పరీక్ష మానొద్దు.

వ్యాక్స్‌కు వెంట్రుక అర సెంటీమీటరైనా ఉండాలి. పొట్టి వెంట్రుక మీద పట్టీ పట్టదు, పట్టకపోతే మళ్ళీ లాగాలనిపిస్తుంది. మొటిమలకు ట్రెటినాయిన్, అడాపలీన్ పూసుకునేవాళ్ళు ఆ పూసే చోట వ్యాక్స్ పెట్టొద్దు. ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్ళు అసలు వ్యాక్స్ వైపే పోవద్దు, ఆపాక కూడా ఆరు నెలలు ఆగాలి. తెల్లబడతామని డాక్టర్ రాయకుండానే మందుల షాపులో స్టెరాయిడ్ క్రీములు కొని నెలల తరబడి పూసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ ముఖం తోలు పలచబడి ఉంటుంది. ఒక్కసారి లాగినా ఊడుతుంది.

ఇంట్లో పంచదార, నిమ్మరసంతో వ్యాక్స్ కాచేవాళ్ళు వినండి. ముదురు పాకం మరిగే నీళ్ళకన్నా వేడిగా ఉంటుంది, పైగా అతుక్కుంటుంది, దులిపితే పోదు. పొయ్యి మీద నుంచి దించి పూర్తిగా గోరువెచ్చన అయ్యేదాకా ఆగండి. మణికట్టు లోపలి వైపు చుక్క పెట్టి చూశాకే రాయండి. పిల్లలు తిరిగే వంటింట్లో ఆ గిన్నె వదిలి పోవద్దు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెంట్రుకలు తీసే లైట్ మెషీన్లు తెప్పించుకుంటున్నారు. ఆ వెలుగు వెంట్రుకలోని నలుపును పట్టి వేడెక్కిస్తుంది. చర్మంలో నలుపు ఎక్కువుంటే చర్మమే వేడెక్కి కాలుతుంది. డబ్బాలో రంగుల పట్టీ ఉంటుంది, మీ రంగు అందులో వాడొద్దన్న వైపు ఉంటే డబ్బులు పోయినా సరే పక్కన పెట్టేయండి. ఎండలో తిరిగి నల్లబడిన చేతుల మీద వాడొద్దు. పుట్టుమచ్చల మీద, పచ్చబొట్టు మీద వద్దు.

ఇంకా కొన్ని.

పేరు లేని ప్యాకెట్లలో అమ్మే, రోమాలు తీసే పొడి కొనొద్దు. కొన్నిటిలో బేరియం సల్ఫైడ్ ఉంటుంది, కడుపులోకి పోతే ఒంట్లో పొటాషియం పడిపోయి కాళ్ళూ చేతులూ చచ్చుబడతాయి. ఇంట్లో ఉంటే ఈ రోజే తీసేయండి.

అక్కాచెల్లెళ్ళయినా ఒకే రేజర్ వాడొద్దు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట ఏడు రోజులు బతుకుతుంది.

షుగర్ ఉన్నవాళ్ళు కాళ్ళకు వ్యాక్స్ పెట్టొద్దు.

కాన్పుకు, ఆపరేషన్‌కు ముందు ఇంట్లో షేవ్ చేసుకుని పోవద్దు. బ్లేడు గీతల్లోంచే ఇన్ఫెక్షన్ వస్తుంది. అవసరమైతే ఆసుపత్రిలో వాళ్ళే కత్తిరిస్తారు.

పసిబిడ్డల నూగు పోవాలని పిండి ముద్దతో రుద్దొద్దు. అది దానంతట అదే రాలిపోతుంది.

మర్మాంగాల దగ్గర క్రీమ్ వద్దు. కత్తెరతో పొట్టిగా కత్తిరించుకోండి, చాలు.

తీసిన రోజు మైపాడు, కొత్తపట్నం బీచ్ వద్దు. బిగుతు లెగ్గింగ్ వద్దు. సెంటు, డియోడరెంట్ వద్దు.

గడ్డం కింద ఉన్నట్టుండి ముతక వెంట్రుకలు వస్తూ నెలసరి తప్పుతుంటే ముందు డాక్టర్‌కు చూపించండి, తీసే పద్ధతి తర్వాత చూసుకోవచ్చు.

క్రీమ్ రాసి ఫోన్ పట్టుకోవద్దు, టైమర్ పెట్టుకోండి. మంట మొదలైతే నిమిషాలు పూర్తి కాకపోయినా కడిగేయండి.

వెంట్రుకలు మిగిలాయా? వదిలేయండి. రెండోసారి వద్దు.

కాలితే ట్యాప్ కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు పారనివ్వండి. ఐసు వద్దు. పేస్టు, పసుపు, కాఫీ పొడి, సిరా ఏవీ వద్దు. బొబ్బ చిదమొద్దు. క్రీమ్ కంట్లో పడినా నీళ్ళతో కడుగుతూనే ఉండండి, ఆ తర్వాత వెంటనే ఆసుపత్రికి పోండి. ముఖం మీద తోలు లేచినా, బొబ్బలు వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. నెల్లూరు పెద్దాసుపత్రికో ఒంగోలు రిమ్స్‌కో పోండి, వాడిన ప్యాకెట్ చేతిలో పట్టుకెళ్ళండి.