ఊక సంచిలో చెయ్యి పెట్టి చూశాకే బేరం

మొయినాబాద్ దగ్గర మాకు చిన్న షెడ్డు ఉంది, మూడు వందల వనరాజా కోళ్లు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసిన రకం ఇది, పెరట్లో మొండిగా బతుకుతుంది. కానీ ఆ మొండితనం వారం రోజుల కోడిపిల్లకి ఎక్కడిది?

ఒక సెప్టెంబరులో పిల్లల కింద పరవడానికి మిల్లు నుంచి ఊక తెప్పించాను. వానలో తడిసి మళ్లీ ఆరిన సంచులు. చేతికి పొడిగా తగిలింది, రేటు కూడా తక్కువ, దించేసుకున్నా. నాలుగైదు రోజులకి పిల్లలు మెడలు చాచి, నోళ్లు తెరిచి ఊపిరి తీయడం మొదలెట్టాయి. గురక మాత్రం లేదు. జలుబేమో అని నీళ్లలో మందు కలిపి రెండు రోజులు పాడు చేశాను. చచ్చిన పిల్లని డాక్టరు గారు కోసి చూపిస్తే ఊపిరితిత్తుల నిండా ఆవగింజలంత పసుపు గడ్డలు. ఆస్పర్జిల్లస్ అనే బూజు అన్నారు. పట్టుకున్నాక మందుతో బతికించడం దాదాపు కుదరదట.

అప్పుడు అర్థమైంది: బూజు పెరిగేది తడిలోనే అయినా, ఆరాక దాని పొడి గాల్లోకి లేచి పిల్ల ఊపిరిలోకి పోతుంది. అందుకే ఊక పొడిగా ఉందని సంబరపడకండి. సంచి మధ్యలోకి చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలినా, ఉండలు కట్టినా, నేలమాళిగ వాసన వచ్చినా, దులిపితే బూడిద రంగు పొగలా లేచినా వాపసు పంపండి. ఎండబెట్టి వాడదాం అనుకోవద్దు, తడిసి ఆరిన ఊక వాడటమే నేను చేసిన తప్పు. కొత్తగా కోసిన చెక్క పొట్టు ఇంకా త్వరగా బూజు పడుతుంది. పల్లికాయ పొట్టు అయితే పిల్లల కింద నేను వెయ్యను. అఫ్లాటాక్సిన్ అనే విషం చేసే బూజుకి పల్లీ అంటే మహా ఇష్టం, పిల్లలేమో కనిపించిందల్లా పొడుస్తాయి.

షెడ్డులో ఉన్న లిట్టర్‌ని, అంటే కోళ్ల కింద పరిచిన ఊకని, రోజూ పొద్దున గుప్పెట్లో పట్టి పిసుకుతాను. గుప్పెట విప్పితే మెల్లగా విడిపోవాలి. ముద్దలా నిలబడితే తడి ఎక్కువైనట్టు. తడి 30 శాతం దాటితే గట్టిగా అట్టలు కడుతుంది. 20, 25 మధ్య ఉంటే హాయి. ముందు చూడాల్సింది నీళ్ల డ్రింకర్ల చుట్టూ. పిల్లలకి వెచ్చదనం ఇచ్చే బ్రూడర్ వేడి, కారిన నీళ్లు, ఒలికిన దాణా, మూడూ కలిసేది అక్కడే. అట్ట కట్టిన చోట పారతో ఎత్తి బయట పారేసి కొత్త ఊక వేస్తాను. తిరగేసి కప్పిపెట్టడం చెయ్యను.

జూన్ నుంచి అక్టోబరు దాకా వాన జల్లు పడే వైపు పరదా దించి, ఎదురు వైపు తెరిచి ఉంచుతాను. అట్ట కట్టని లిట్టర్‌ని రెండు రోజులకోసారి తిరగేస్తాను, అదీ పిల్లలు లేని గదిలో.

చలికాలంలో జనం పొరపాటు పడతారు. డిసెంబరు రాత్రి చలికి భయపడి పరదాలు పూర్తిగా బిగిస్తారు. తెల్లారేసరికి రేకు కింద చెమట పట్టి చుక్కలు చుక్కలుగా ఊక మీద పడుతుంది, రెట్టల్లోంచి లేచే అమ్మోనియా కళ్లు మండిస్తుంది. పైన ఒక అడుగు ఖాళీ వదలండి. చలికి వేడి పెంచుకోవచ్చు, గాలి ఆపకూడదు.

ఏప్రిల్, మే ఎండలకి బూజు పడదనుకుంటాం. పడుతుంది, చల్లదనానికి నీటి తుంపర చల్లే ఫాగర్ కింద. మిగతా చోట ఊక మరీ ఎండి దుమ్ము లేస్తుంది, అదీ ఊపిరికి మంచిది కాదు.

సున్నం గురించి ఒక్క మాట. పిల్లలు లోపల ఉండగా చల్లితే అమ్మోనియా ఇంకా ఎగదన్నుతుంది. బ్యాచ్ ఖాళీ అయ్యాక, పాత లిట్టర్ మొత్తం తీసి, నేల కడిగి, ఆరాక సున్నం కొట్టండి. పాత లిట్టర్ ఎత్తేటప్పుడు ముక్కుకి మంచి మాస్కు పెట్టుకోండి. ఆ దుమ్ము మనకీ పడదు. మా ఆయన కండువా కట్టుకుంటే చాలన్నాడు, రెండు వారాలు దగ్గాడు.